చెరువులో రొయ్య, డీమ్యాట్‌లోనూ రొయ్యేనా?

ఈ సంవాదంలో ఇద్దరే. వదినగారు ప్రభుత్వ రంగ బ్యాంకులో మేనేజరుగా చేసి రిటైరై రాజమండ్రి దానవాయిపేటలో ఉంటున్నారు. మరిది భీమవరం దగ్గర రొయ్యల చెరువులు చేస్తాడు, చాలా ఏళ్లుగా షేర్లూ కొంటున్నాడు. 2025 ఆగస్టు 27 నుంచి మన సరుకు మీద అమెరికా వేసే సుంకం 50 శాతానికి చేరింది. రొయ్య రేటు పడింది, రొయ్య కంపెనీల షేర్లూ పడ్డాయి. 2025 దసరాకి అందరూ కలిసినప్పుడు, పట్టుబడి డబ్బు ఎక్కడ పెట్టాలన్న దగ్గర ఇద్దరికీ మాట కుదరలేదు.

మరిది: నాది సూటి లెక్క వదినా. పడినప్పుడే కొనాలి. గోదావరి బ్రిడ్జి దాటితే కొవ్వూరు, అక్కడే అవంతి మేత ఫ్యాక్టరీ. మా గట్ల మీద ఏ షెడ్డులో చూసినా ఆ బస్తాలే. ఆ వ్యాపారం ఎలా నడుస్తుందో నాకు తెలిసినంత ముంబయిలో ఏసీ గదిలో కూర్చునేవాడికి తెలుస్తుందా? తెలిసినదాంట్లో పెట్టమనేగా పెద్దలు చెప్పేది.

వదిన: నీకు తెలీదని ఎవరన్నారు? నీ చెరువు రొయ్య. నీ లీజు రేటు రొయ్య మీద. మీ అబ్బాయి ఉద్యోగం ప్రాసెసింగ్ ప్లాంటులో, అదీ రొయ్యే. డీమ్యాట్ తెరిస్తే అక్కడా రొయ్యే. వాషింగ్టన్‌లో ఒక్క సంతకం పడేసరికి నాలుగూ కలిసి పడ్డాయి. 2024-25లో మన దేశం ఎగుమతి చేసిన గడ్డకట్టిన రొయ్య 7 లక్షల 41 వేల టన్నులు. అందులో 3 లక్షల 11 వేల టన్నులు ఒక్క అమెరికాకే. అంటే నీ బతుకులో నాలుగు పద్దులూ ఒకే కొనుగోలుదారు చేతిలో ఉన్నాయి.

మరిది: పడినప్పుడు కలిసి పడ్డాయి సరే, లేచినప్పుడూ కలిసే లేచాయి కదండీ! 2012 చివర నుంచి థాయిలాండ్ చెరువుల్లో ఈఎంఎస్ తెగులొచ్చింది. వేసిన నెల తిరక్కుండానే పిల్ల చచ్చిపోయేది. ఏడాదిలో వాళ్ల ఉత్పత్తి దాదాపు సగానికి పడిపోయింది. మనకు వనామి రకం రొయ్యకి 2009లోనే అనుమతి వచ్చింది కాబట్టి అప్పటికే చేతులు తిరిగి ఉన్నాం. ఆ ఏడు మేతకని డీలరు దగ్గరికెళ్తే స్టాకు లేదు, రేపు రమ్మన్నాడు. ఇంటికొచ్చి అవంతి షేర్లు కొన్నాను. వంద షేర్లు, 2015లో పది రూపాయల ముఖవిలువని రెండుకి విడగొడితే ఐదొందలయ్యాయి. 2018లో రెండుని రూపాయి చేసి, పైన రెండిటికి ఒకటి బోనస్ ఇస్తే పదిహేనొందలయ్యాయి. మీ ఫిక్స్‌డ్ డిపాజిట్ ఎప్పుడైనా ఇలా పిల్లల్ని పెట్టిందా?

వదిన: పెట్టలేదు, పెట్టదు కూడా. కానీ నా జవాబు నువ్వు చెప్పిన కథలోనే ఉంది. అదే ఏడు థాయిలాండ్‌లో నీలాంటి రైతొకడు ఉండి ఉంటాడు. వాడికీ తన చెరువు సంగతి నీకు తెలిసినంతా తెలుసు. తన ఊరి మేత కంపెనీ షేర్లే కొనుక్కుని కూర్చుంటే వాడి గతేంటి? చెరువూ పోయె, షేరూ పోయె. ఆ దేశంలోనే థాయ్ యూనియన్ అని బ్యాంకాక్ మార్కెట్‌లో ఉన్న కంపెనీ 2009లోనే వచ్చి అవంతిలో చేరింది. దాదాపు నాలుగో వంతు వాటా వాళ్లదే. తమ గడ్డ మీద తెగులొచ్చిన ఏడు కొవ్వూరు లాభంలో వాళ్లకి భాగం ఉంది. బ్యాంకాక్ వాడు మన కొవ్వూరులో వాటా కొంటే తెలివి, భీమవరం వాడు ఆసియాలో ఇంకోచోట వాటా కొంటే పిచ్చా?

మరిది: వాళ్లకి మనుషులున్నారు, వచ్చి చూసుకున్నారు. నాకెవరున్నారు టోక్యోలో? పోనీ టోక్యో సంగతే చెప్పండి. 1989 డిసెంబరు 29న నిక్కీ సూచీ 38,915. మళ్లీ ఆ అంకె దాటింది 2024 ఫిబ్రవరి 22న. ముప్పై నాలుగేళ్లు! అప్పుడు డబ్బు పెట్టినవాడి కొడుక్కి పెళ్లయి, మనవడు కాలేజీకొచ్చాక అసలు చేతికొచ్చింది. షాంఘై సూచీ 2007లో ఆరు వేలు దాటింది, ఇప్పటికీ ఆ గట్టు ఎక్కలేదు. హాంకాంగ్ సూచీ 2018 జనవరిలో 33 వేలు, 2022 అక్టోబరుకి 15 వేల కిందకి దిగింది. ఇదేనా మీరు చూపించే ఆసియా?

వదిన: అంకెలన్నీ నిజమే. కానీ నువ్వు చెప్పేది ఉన్నదంతా ఒకే రోజున, శిఖరం మీద, ఒకే దేశంలో పెట్టినవాడి కథ. అలా పెడితే ఎక్కడైనా మునుగుతాడు. కాకినాడ అపెక్స్ ఫ్రోజెన్ ఫుడ్స్ 2017లో 175 రూపాయలకి ఇష్యూకొచ్చింది. నెలల్లోనే మూడింతలు దాటింది. ఆ జోరు చూసి పైన కొన్నవాడు 2025 వేసవికి ఎక్కడున్నాడు? షేరు మళ్లీ ఇష్యూ ధరకి దగ్గర్లోకి వచ్చింది. ఎనిమిదేళ్లు. అది టోక్యో కాదే, మన కాకినాడే! అవంతి మాత్రం 2017 చివరి శిఖరం నుంచి 2018లో సగానికి పైగా పడలేదా? ఆ ఏడు చెరువు గట్టు మీదే ఉన్నావుగా, ముందే తెలిసిందా?

మరిది: (కాస్త ఆగి) రొయ్య రేటు పడుతోందని తెలిసింది. షేరు అంత పడుతుందని అనుకోలేదు.

వదిన: అదీ సంగతి. నువ్వు చెక్‌ట్రే ఎత్తి చూస్తావు. మేత మిగిలిందా, పేగు తెల్లగా ఉందా, నడుం నిండుగా ఉందా చూసి రెండ్రోజుల ముందే చెరువు జాతకం చెప్తావు. ఆ విద్య నాకు లేదు, ఒప్పుకుంటాను. కానీ షేరు ధరలో ఉండేది నీ చెరువు ఒక్కటే కాదు. ఈక్వెడార్ ఎంత పండించింది, చైనా ఎంత కొంది, సోయా ధరెంత, డాలరు ఎంత, రేపేమవుతుందని జనం అనుకుంటున్నారు, ఇవన్నీ కలిసిన అంకె అది. చెక్‌ట్రేలో అవి కనపడవు.

మరిది: మరి ధరల పెరుగుదల సంగతో? ఆగస్టులో దేశం మొత్తం మీద ద్రవ్యోల్బణం రెండు శాతం దగ్గరుందని పేపర్లో రాశారు. ఎవరింట్లో అండీ రెండు శాతం? కాలేజీ ఫీజు కట్టి చూడమనండి, ఆసుపత్రి బిల్లు చూడమనండి. అందుకే నేను బంగారం అంటాను. పది గ్రాములు లక్ష దాటింది. ఏ షేరు ఇచ్చిందా లాభం?

వదిన: ఈ రెండేళ్లు చూస్తే నీ మాటే గెలుస్తుంది. కానీ 2012లో పది గ్రాములు 31 వేల దగ్గర. 2018లోనూ ఇంచుమించు అంతే. ఆ ఆరేళ్లూ ధరలు పెరగడం మానలేదు. ఇక రెండు శాతం అంటావా, అది ఒక నెల అంకె. 2022 ఏప్రిల్లో అదే అంకె 7.79. రిజర్వు బ్యాంకు పెట్టుకున్న గురి నాలుగు. పదేళ్ల మీద సగటు ఐదు దగ్గర వేసుకో. ఆరున్నర వడ్డీ డిపాజిట్‌లో పన్ను పోగా ఐదుంబావు మిగిలితే గొప్ప. అంటే డిపాజిట్‌లో డబ్బు నిలబడుతుంది, పెరగదు. అందుకని డిపాజిట్ వద్దనను. వచ్చే పంట పెట్టుబడి, ఏడాది ఇంటి ఖర్చు అక్కడే ఉండాలి. ఆ పైది వేరే చోట పనిచేయాలి.

మరిది: అదే నేనూ అంటున్నాను, మీరు వినడం లేదు. ధరలు పెరిగేటప్పుడు దెబ్బ తినేవాడు ధర చెప్పలేనివాడు. వరి రైతుని చూడండి. 2014-15లో క్వింటాలు మద్దతు ధర 1,360, 2024-25లో 2,300. అంటే డెబ్బై అయిదు కిలోల బస్తా వెయ్యీ ఇరవై నుంచి పదిహేడొందల పాతిక అయింది. కూలీ, కోత మిషను, డీజిలు, పురుగుమందు ఆ లెక్కన ఆగాయా? ఆగకే 2011లో కోనసీమ రైతులు ఖరీఫ్ నాట్లు మానేసి క్రాప్ హాలిడే అన్నారు. రొయ్య రైతు గతీ అంతే. పొద్దున్నే ఏజెంటు వాట్సాప్‌లో కౌంటు రేటు పెడతాడు, దానికి మనం తలూపాలి. కానీ మేత కంపెనీ? సోయా పెరిగితే బస్తా ధర పెంచుతుంది. అందుకే నేను అటు పక్క నిలబడ్డాను. మేత ధర పెరిగితే చెరువు దగ్గర పోయేది షేరు దగ్గర వస్తుంది. ఇంతకన్నా బీమా ఏం కావాలి?

వదిన: వినడానికి చాలా బాగుంది. నువ్వు చెప్పిన వాటిల్లో ఇదే గట్టి మాట కూడా. కానీ అసలు పరీక్ష వచ్చిన ఏడు ఏం జరిగిందో చూడు. 2021 ఆగస్టులో సోయా గింజ క్వింటాలు పది వేలు దాటింది. కేంద్రం ఎప్పుడూ లేనిది జన్యుమార్పిడి సోయా చెక్క 12 లక్షల టన్నుల దిగుమతికి ఒప్పుకోవాల్సి వచ్చింది. మేత కంపెనీలు పడిన భారమంతా బస్తా మీద వేయలేకపోయాయి. అవంతి లాభం ఆ ఆర్థిక సంవత్సరంలో తగ్గింది. మరుసటి ఏడు పెంచుదామంటే, 2022లో రైతులు గొడవ చేశారు, రాష్ట్ర ప్రభుత్వం కలగజేసుకుని పెంపు వెనక్కి తీయించింది. నువ్వూ ఆ గొడవలో ఉన్నావు కదా?

మరిది: ఉన్నాను. ఏలూరులో మీటింగుకి కూడా వెళ్లాను.

వదిన: చూశావా! షేరుదారుగా కావలసిన పెంపుని రైతుగా నువ్వే ఆపించావు. మేత ధర పెరిగితే చెరువుకి నష్టం. పెంచలేకపోతే షేరుకి నష్టం. సుంకం పడితే రెంటికీ నష్టం. మీ కాలవ సంగతి నీకు వేరే చెప్పాలా? ఒకే కాలవ నుంచి నీళ్లు తోడుకునే చెరువులు పదున్నా, ఒకదాంట్లో తెల్లమచ్చ తెగులు వస్తే మిగతా తొమ్మిదీ పది చెరువుల కింద లెక్క కాదు. నీ పెట్టుబడులన్నీ ఒకే కాలవ కింద ఉన్నాయి.

మరిది: సరే, కాలవ మార్చమంటారు. మారిస్తే వరద ఆగుతుందా? 2008 గుర్తుందా? సెన్సెక్స్ ఏడాది మొదట్లో 20 వేల పైన, చివరికి తొమ్మిదివేల ఆరొందలు. హాంకాంగ్ కూడా అటూఇటూగా సగానికి పోయింది. 2020 మార్చిలో కరోనా వచ్చినప్పుడు? మార్చి 23న ఒక్క రోజులో సెన్సెక్స్ 3,900 పాయింట్ల పైన పడింది. ఆ నెల టోక్యో, సియోల్, ముంబయి అన్నీ కలిసే పడ్డాయి. నిజంగా గండం వచ్చిన రోజున మీ వైవిధ్యం ఎక్కడికి పోయింది?

వదిన: ఎక్కడికీ పోలేదు, ఆ రోజున పనిచేయలేదంతే. అది నిజం. ప్రపంచమంతా భయపడిన నెలలో అన్ని మార్కెట్లూ కలిసే పడతాయి. దేశాల మధ్య పంచుకోవడం ఆ నెల కోసం కాదు. ఒక దేశానికో ఒక పరిశ్రమకో ఏళ్ల తరబడి పట్టే దరిద్రం నుంచి బయటపడటానికి. జపాన్‌కి ముప్పై నాలుగేళ్లు పట్టిందన్నావు. ఆ ముప్పై నాలుగేళ్లలో మన సెన్సెక్స్ ఎక్కడి నుంచి ఎక్కడికెళ్లింది? వెయ్యి లోపు నుంచి డెబ్బై వేల పైకి. జపాన్ వాడు పదో వంతు మన దగ్గర పెట్టి ఉంటే వాడి ముసలితనం వేరేలా ఉండేది. రేపు ఆ జపాన్ వంతు మనది కాదని ఎవరు రాసిచ్చారు? మొన్న 2024 సెప్టెంబరులో 85 వేల పైన ఆగిన సెన్సెక్స్, ఏడాదైనా ఆ గీత దాటలేదు. ఈ ఏడే దక్షిణ కొరియా, హాంకాంగ్ సూచీలు పరుగెట్టాయి.

మరిది: ఇదిగో, పెరిగాక చెప్తున్నారు! పెరిగినదాని వెంట పడటం తప్పని ఇప్పుడే కదా అన్నారు?

వదిన: అన్నాను. అందుకే ఈ రోజు ఉన్నదంతా అక్కడ పెట్టమనడం లేదు. నెలనెలా కొద్దికొద్దిగా అంటున్నాను.

మరిది: చైనా మీద నా భయం వేరే. అక్కడ ధర పడటం కాదు, ప్రభుత్వమే తలుపు మూసేస్తుంది. 2021 జులైలో ట్యూషన్ కంపెనీలు లాభం చేసుకోకూడదని ఒక్క ఉత్తర్వు ఇస్తే ఆ షేర్లు కుప్పకూలాయి. తైవాన్ అంటారా, ఆ సూచీలో మూడో వంతు పైన ఒక్క టీఎస్‌ఎంసీదే. దాన్ని ఆసియా అనాలా, ఒక ఫ్యాక్టరీ అనాలా?

వదిన: బాగా చదివావు. అందుకే ఆసియా అని ఒక్క పేరు పెట్టి కొనకూడదు. జపాన్‌ది ఒక కథ, చైనాది ఒక కథ, తైవాన్, కొరియా చిప్పుల కథ. ఏ ఒక్క కంపెనీ పేరూ నేను చెప్పడం లేదు. సూచీని అనుసరించే ఫండ్ అంటున్నాను.

మరిది: సూచీ అంటే కొమ్ములుంటాయా? 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ రామలింగరాజు గారు 7,136 కోట్ల గోల్‌మాల్ అని ఉత్తరం రాసేనాటికి సత్యం సెన్సెక్స్‌లో లేదా, నిఫ్టీలో లేదా? మీ సూచీ పట్టుకున్నవాడు కూడా మునిగాడు.

వదిన: మునగలేదు, తడిశాడు. ముందు రోజు 179 ఉన్న షేరు ఆ రోజు 40కి పడింది. మన పశ్చిమ గోదావరిలో ‘మనవాడు’ అని ఇల్లు తాకట్టు పెట్టి కొన్నవాళ్లున్నారు. మా బ్రాంచికే వచ్చారు, ఆ షేర్ల మీద అప్పిస్తారా అని. వాళ్లకి పోయింది సర్వస్వం. సూచీ పట్టుకున్నవాడికి పోయింది ఒక చిన్న ముక్క. వారం తిరక్కుండా సెన్సెక్స్ సత్యాన్ని తీసేసి సన్ ఫార్మాని పెట్టుకుంది. సూచీకి ఊరి అభిమానం లేదు. మనకి ఉంది, అదే చిక్కు.

మరిది: అభిమానమంటే గుర్తొచ్చింది. మా అబ్బాయికి ఏ అభిమానమూ లేదు. ఫోన్‌లో ఆప్షన్లు ఆడుతున్నాడు, అదే పెట్టుబడి అంటున్నాడు.

వదిన: ఆ విషయంలో మనిద్దరికీ తగువు లేదు. సెబీ లెక్క చూపించు వాడికి. 2024-25లో డెరివేటివ్స్‌లో దిగిన చిన్నవాళ్లలో నూటికి 91 మందికి నష్టం. అందరిదీ కలిపి లక్ష కోట్ల పైన పోయింది. పందెం కోడికైనా గెలుపోటములు సగం సగం.

మరిది: అయితే చివరి ప్రశ్న. మీరు చెప్పే విదేశీ ఫండ్లకి దారి సరిగ్గా ఉందా? మ్యూచువల్ ఫండ్లు విదేశాల్లో పెట్టడానికి మొత్తం పరిమితి 700 కోట్ల డాలర్లు. అది నిండిపోయిందని 2022 ఫిబ్రవరిలో కొత్త డబ్బు ఆపేశారు. తర్వాత సడలించినా మళ్లీ మళ్లీ ఆగుతూనే ఉంది. ఎక్స్ఛేంజిలో దొరికే ఈటీఎఫ్ కొందామంటే కొన్ని అసలు విలువకన్నా ఎక్కువకి అమ్ముతున్నారు. పైగా రూపాయి పడితే లాభమంటారు కానీ, 2012తో చూస్తే యెన్ రూపాయి కన్నా ఎక్కువ పడింది. దూరం వెళ్తే ఖర్చు ఉంటుంది వదినా.

వదిన: ఉంటుంది. ఇక్కడ నీ మాటకి నా దగ్గర ఎదురు మాట లేదు. అందుకే విదేశం పదో వంతు దాటకూడదు. ఈటీఎఫ్ కొనేముందు ఆ రోజు ఎన్‌ఏవీ, అంటే నువ్వన్న అసలు విలువ ఎంత, అమ్మే ధరెంత చూడాలి. తేడా ఎక్కువుంటే ఆ నెల ఆగిపోవాలి. హాంకాంగ్ హాంగ్‌సెంగ్ సూచీని పట్టుకుని నడిచే ఈటీఎఫ్ 2010 నుంచీ మన ఎన్‌ఎస్‌ఈలోనే ఉంది, ఎక్కడికీ పారిపోదు. ఎక్కువ భాగం మన దేశం సూచీలోనే. అక్కడ బ్యాంకులున్నాయి, మందులున్నాయి, సాఫ్ట్‌వేర్ ఉంది. రొయ్య లేదు. నీకు కావలసింది ముందు అదే.

మరిది: మరి నా అవంతి షేర్లు అమ్మేయమంటారా?

వదిన: అమ్మకు. కొత్తగా కలపకు. పట్టుబడి డబ్బు వచ్చినప్పుడు ముందు వచ్చే పంట ఖర్చు డిపాజిట్‌లో వెయ్యి. బయట వడ్డీకి తెచ్చిన అప్పుంటే తీర్చెయ్యి, అంత వడ్డీ నీకు ఏ మార్కెట్టూ ఇవ్వదు. మిగిలింది నెలనెలా సూచీలోకి, అందులో కొంచెం ఆసియాలోకి. అయిదేళ్లలో అవసరపడే డబ్బు మాత్రం అటు పోకూడదు.

మరిది: ఒక్క షరతు. రేపు సుంకం తగ్గి, ఇప్పుడు పడిన ఈ షేరు రెట్టింపైందనుకోండి, మీ మాట విని కొననందుకు నాకు లెక్క చెప్పాలి.

వదిన: చెప్తాను. కానీ ఆ షేరు రెట్టింపైన రోజున నీ కౌంటు రేటూ బాగుంటుంది, లీజూ గిట్టుతుంది, మీవాడికి బోనసూ వస్తుంది. ఆ రోజు నీకు షేర్లమ్మే అవసరం రాదు. రేటు పడి, చెరువు ఎండగట్టి, సీడు కొనడానికి డబ్బు లేని రోజున అమ్మాల్సి వస్తుంది. సరిగ్గా ఆ రోజునే రొయ్య షేరు కూడా పాతాళంలో ఉంటుంది. అక్కరకి రాని ఆస్తి ఎంతుంటే ఏం?

మరిది: సగం ఒప్పుకున్నాను వదినా. నెలనెలా కట్టేదేదో మొదలెడతాను, ఆసియా మాత్రం ఇరవయ్యో వంతు మించి పెట్టను. కొవ్వూరు షేరు ఇంకో పది శాతం పడితే మాత్రం మీకు చెప్పకుండానే కొంటాను.

వదిన: కొనుక్కో. అది నీ సరదా కింద రాసుకో, పొదుపు కింద రాయకు.